జనరల్ గారి కోడి, వీసా గారి హోటలు

అమెరికాలో ఎంత చిన్న ఊరికెళ్ళినా ఓ చైనీస్ టేకౌట్ కొట్టు తగులుతుంది. మా చుట్టుపక్కల మూడింటి నుంచి జనరల్ సో చికెన్ తెచ్చి రుచి చూశాను. మూడూ పాకంలో ముంచి తీసినట్టే. ఆ పేరుగల జనరల్ 1885లోనే పోయాడు, పాపం దీన్ని ఎరగడు. 1949లో తైవాన్ చేరిన హునాన్ వంటవాడు పెంగ్ చాంగ్-క్వెయ్ 1950ల్లో చేసిన వంటకమిది. అప్పుడు ఉప్పూ, కారం, పులుపే. తీపెక్కింది 1970ల్లో న్యూయార్కు వచ్చాకే.

అసలిన్ని కొట్లు ఎలా పుట్టుకొచ్చాయి? వాళ్ళకి వంటంటే ప్రాణం కాబట్టి అనుకుంటారు చాలామంది. నేనైతే వీసా రూల్సే పెద్ద కారణమంటాను. 1882 చట్టం చైనా కూలీల్ని రానివ్వలేదు, వ్యాపారులకి మాత్రం మినహాయింపు. 1915లో ఓ కోర్టు తీర్పుతో హోటల్ యజమానులూ వ్యాపారుల లెక్కలోకొచ్చారు. ఇంకేం, సొంతూరు వెళ్ళి రావడానికీ, అయినవాళ్ళని తెచ్చుకోడానికీ దారి దొరికింది. బంధువులంతా డబ్బు పోగేసి హోటల్ పెట్టేవారు. మన చీటీపాటలాగా వంతులేసుకుని, తలా కొన్నాళ్ళు మేనేజరయ్యేవారు. అలా ఏడాది చేస్తేగానీ వ్యాపారి కింద లెక్క కాదు. ఆ ఏడాదీ గరిటె పట్టకూడదు, ప్లేట్లు ఎత్తకూడదు! పట్టలేదని చైనీయులు కాని ఇద్దరు సాక్ష్యం చెప్పాలి. 1943లో చట్టం రద్దయింది గానీ, ఇచ్చిన కోటా ఏడాదికి 105 మందికే.

మనవాళ్ళంతా కంప్యూటర్ల మీదే ఎందుకు పడ్డారని అడిగేవాళ్ళకి నేనీ కథే చెప్తుంటాను. హెచ్-1బి కాగితాల్లో "ఉద్యోగ బాధ్యతలు" అన్నచోట లాయరు ఒక్కో మాటా ఎంత ఆచితూచి రాశాడో నాకు తెలుసు.