తుపాకి భాగములలో పాఠభేదములు

బడిపంతులుగా జీవితము గడపి, కావ్య వ్యాకరణములు తప్ప వేరెరుగని ఈ వృద్ధుడు తుపాకులను గూర్చి యేమి చెప్పగలడని మీకు సందేహము కలుగవచ్చును. నేను తుపాకి పేల్చి యెరుగను. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టము పిదప మన దేశమున వేటకు తావును లేదు. అయినను అమెరికాలో తయారైన యొక వేట తుపాకి చరిత్రము చదివినప్పుడు, చదువుకొను దినములలో నేను చేసిన తప్పొకటి జ్ఞప్తికి వచ్చినది.

తాళపత్ర ప్రతి నొకదానిని సరిచూచుచు, నడుమ నాలుగాకులలో అక్షరముల మలుపు వేరుగా నున్నదని, అవి ప్రక్షిప్తములని తీర్పు చెప్పితిని. గురువుగారు ఆకులను వెలుతురునకు పట్టి చూచి, "మారినది గంటము నాయనా, చేయి కాదు" అనిరి. నాకు తల యెత్తుటకు మొగము చెల్లలేదు.

ఇక తుపాకి మాట. కనెక్టికట్ రాష్ట్రమందలి న్యూహేవెన్ పట్టణమున వించెస్టరు కంపెనీ యుండెడిది. అది 1925లో మోడలు 54 అను వేట తుపాకిని వెలువరించినది. 1931లో కంపెనీ దివాలా తీయగా ఓలిన్ కుటుంబమువారు కొనిరి. వారి యేలుబడిలో 1936లో మోడలు 70 వచ్చినది. దీని బోల్టు మన తలుపు గడియ వంటిది. పిడి పైకెత్తి వెనుకకు లాగినచో ఖాళీ తూటాగుల్ల వెలికి వచ్చును. ముందునకు త్రోసినచో క్రొత్త తూటా గొట్టమున చేరును. జర్మనీ దేశపు 1898 నాటి మౌజరు తుపాకి నుండి గ్రహించిన పొడవైన ఉక్కు కొక్కెమొకటి బోల్టు ప్రక్కన నుండును. తూటా పైకి లేచుచుండగనే అది దాని అంచును పట్టుకొనును. వేటగాడు తత్తరపడి బోల్టును సగములో వెనుకకు లాగినను, ఆ తూటా దానితోనే వెనుకకు వచ్చును గాని, రెండవది దాని వెనుక దూరి ఇరుకుకొనదు. ఎదుట ఎలుగుబంటి నిలిచియున్నవానికి ఇది చిన్న సంగతి కాదు.

1963 వరకు ఇట్టి తుపాకులు సుమారు 5,81,000 తయారైనవి. పేరొక్కటే, అవయవములు వేరు. యుద్ధమునకు ముందటి వానిలో బోల్టు నడచు ఉక్కు పెట్టె తోక మూడాకుల మారేడు దళమును పోలియుండెను. తరువాత అది నునుపైనది. టెలిస్కోపు బిగించుటకు వెనుక వంతెనపై మొదట రంధ్రములు లేవు, యుద్ధానంతరము వచ్చినవి. సేఫ్టీ మీట రూపును మారినది. 1952లో వచ్చిన తేలికరకమునందు ట్రిగ్గరు కాపు అల్యూమినియముది.

ఈ మార్పులు ఒక్కనాడు తెల్లవారునప్పటికి జరిగినవి కావు. కార్ఖానాదారుడు చేసిపెట్టిన భాగములను పారవేయునా? పాత దినుసు చెల్లువరకు క్రొత్తదానితో కలిపి వాడెను. పైగా సంఖ్య ముద్రించిన పెట్టెలు వరుసక్రమమున బిగింపునకు రాలేదు. అందుచేత పాత తోకయు క్రొత్త సేఫ్టీయు గల తుపాకులు కార్ఖానా గుమ్మము నుండియే బయలువెడలినవి. తాతగారి పెట్టెలో అట్టిది దొరకిన మనుమడు బేరగానికి చూపగా, వాడు పుస్తకములోని పట్టికతో పోల్చి, కలగాపులగమని సగము వెల కట్టినచో, నష్టము వెలకు మాత్రమే గాదు, తాత మాటకును గలుగును.

దీనికి సాక్షులు లోపల దాగియున్నారు. చెక్కను విప్పి చూచినచో గొట్టము అడుగున తయారైన సంవత్సరపు చివరి రెండంకెలు కనబడును. బోల్టు అడుగున విద్యుత్ లేఖినితో గీసిన తుపాకి సంఖ్య యుండును. అది పెట్టెపై సంఖ్యతో సరిపోవలెను. సరిపోనిచో బోల్టు పిదప మార్చినదని శంకింపవచ్చును. గ్రంథాంత గద్యమును చదువకయే కాలనిర్ణయము చేసెడి పండితులు మనలోను లేకపోలేదు.

నిజముగా చేయి మారినది 1964లో. ఖర్చు తగ్గింపగోరి కంపెనీవారు పొడవైన కొక్కెమును తీసివేసి, బోల్టు మొగముననే చిన్నదాని నమర్చిరి. చెక్కపై చేతితో కోసెడి గళ్ళ నగిషీకి మారుగా అచ్చుతో నొత్తిరి. సంఖ్యలు 7,00,000 నుండి మొదలిడిరి. క్రొత్తది గురి తప్పునని గాని బలహీనమని గాని చెప్పుట న్యాయము కాదు. దాని బోల్టు మొగము తూటా మడమను చుట్టును కప్పి కాపాడును. అయినను కొనువారి మనసు విరిగినది. "అరువదినాలుగుకు ముందటిది" అను మాట బజారులో బిరుదువలె నిలిచిపోయినది. 1968లో బోల్టు నడకను సవరించిరి. 1990ల తొలిపాదమున పొడవైన కొక్కెము గల రకమును మరల తెచ్చిరి. 2006లో న్యూహేవెన్ కార్ఖానా మూతపడినది. 2008లో దక్షిణ కరొలైనా రాష్ట్రపు కొలంబియాలో మోడలు 70 తయారీ తిరిగి మొదలైనది. దాని బోల్టు ప్రక్కన మౌజరు నాటి ఆ పొడవైన కొక్కెమే యున్నది.