నేరానికి శిక్ష, పాపానికి ప్రాయశ్చిత్తం

నేరం, పాపం అనే మాటలు మన భాషలో జంటగా వినిపిస్తాయి. చరిత్రలో మాత్రం అవి ఒకే మనిషికి అంటలేదు. కలవాడు చేసింది పాపమైంది. దానికి ప్రాయశ్చిత్తం దొరికింది. లేనివాడు చేసింది నేరమైంది. దానికి శిక్ష పడింది. రెండుచోట్లా దెబ్బతిన్నవాణ్ణి అడిగినవారు లేరు. కృష్ణాతీరపు చరిత్రే ఇందుకు సాక్ష్యం.

ముక్త్యాల కోట, జగ్గయ్యపేట పట్టణం రెండూ వాసిరెడ్డి వంశంతో ముడిపడినవి. ఆ వంశంలో ప్రఖ్యాతుడు రాజా వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడు. బేతవోలును తండ్రి పేర జగ్గయ్యపేట చేసినవాడాయనే. 1790వ దశకంలో చింతపల్లి విడిచి అమరావతికి రాజధాని మార్చాడు. దోపిడీలు చేస్తున్నారని చెంచులను విందు నెపంతో పిలిపించి, వరుసగా నిలబెట్టి తలలు నరికించాడని జనశ్రుతి. ఎందరన్న విషయంలో కథనాలు ఏకీభవించవు. నరుకుళ్ళపాడు అన్న ఊరిపేరు ఆ మారణకాండకు గుర్తేనంటారు. ఆ తర్వాత ఆయనకు విస్తట్లో మెతుకులు పురుగులై కనిపించేవట. అమరేశ్వరాలయ జీర్ణోద్ధరణ, కొత్త గుళ్ళు, తులాభారాలు, దానధర్మాలు - ఇలా సాగిన జీవితం 1816లో ముగిసింది.

ఆ పశ్చాత్తాపం బూటకమని నేననను. అన్నం ముద్ద గొంతు దిగని మనిషి బాధ నిజమైనదే కావచ్చు. అయితే ఆ బాధ ఎవరి ముందు మోకరిల్లింది? దేవుడి ముందు. దానాలు ఎవరికి చేరాయి? గుడికీ, పండితులకూ. చచ్చినవారి ఆలుబిడ్డలు ప్రచారంలో ఉన్న ఈ కథలో ఎక్కడా కనిపించరు.

క్రైస్తవ నీతి ఈ విషయంలో ఏమంటుంది? క్షమ ఆ మతానికి ఆయువుపట్టు. కాని ఆ క్షమ అంత చౌకగా దొరికేది కాదు. బలిపీఠం దగ్గరికి కానుక తెచ్చినవాడు, తనవల్ల నొచ్చుకున్న సోదరుడు గుర్తుకొస్తే కానుక అక్కడే వదిలి, ముందు అతనితో సమాధానపడి రావాలని మత్తయి సువార్త బోధ. లూకా సువార్తలోని సుంకరి జక్కయ్య తాను అన్యాయంగా లాక్కున్నదానికి నాలుగింతలు తిరిగి ఇస్తానన్నాడు. అంటే దేవుడికి దారి దెబ్బతిన్నవాడి గుమ్మం మీదుగానే పోతుంది.

అయితే సువార్త వేరు, దానిని చేతబట్టిన సంస్థల నడత వేరు. 1871లో బ్రిటిష్ ప్రభుత్వం నేరస్థ జాతుల చట్టం తెచ్చింది. తల్లి కడుపులోంచి పడ్డ బిడ్డను సైతం పుట్టుకతోనే నేరస్థుణ్ణి చేసిన చట్టమది. ఉప్పూ ధాన్యమూ ఊరూరా తిప్పి అమ్ముకునే ఎరుకలవారి బతుకుతెరువును రైళ్ళూ, ప్రభుత్వ ఉప్పు విధానమూ దెబ్బతీశాయి. ఆ పైన ప్రభుత్వమే వారిని దొంగలన్నది. 1910వ దశకంలో బాపట్ల దగ్గర స్టువార్టుపురం సెటిల్మెంటు వెలిసింది. దాని నిర్వహణ సాల్వేషన్ ఆర్మీ అనే క్రైస్తవ సంస్థది. బడి ఉంది, ప్రార్థన ఉంది. హాజరుపట్టీ, కాపలా కూడా ఉన్నాయి. పాపులకు రక్షణ బోధించిన చోటే, చేయని నేరానికి శిక్ష నడిచింది. చట్టం 1952లో రద్దయినా ముద్ర చెరగలేదు.

1970వ దశకంలో ఆ ఊళ్ళో సంస్కరణకు పూనుకున్నవారు హేమలతా లవణం. క్రీస్తు చరిత్ర రాసిన జాషువా కుమార్తె, నాస్తికోద్యమ నాయకుడు గోరా కోడలు. మనిషిని మనిషిగా చూడడానికి ఆస్తికత, నాస్తికత అడ్డురావని ఆ జీవితం చెబుతుంది.

రచయితలకు ఇందులో పని ఉంది. టాల్‌స్టాయ్ "పునరుత్థానం" నవల (1899)లో నెఖ్ల్యూదవ్ తాను చెరిచిన కాత్యూషా వెంట సైబీరియాకు నడుస్తాడు. అతన్ని పెళ్ళాడడానికి ఆమె ఒప్పుకోదు. ఔననే హక్కూ, కాదనే హక్కూ ఆమె చేతిలో పెట్టడమే ఆ నవల గొప్పతనం. వెంకటాద్రి నాయుడి పశ్చాత్తాపం మీద మనకు కథలున్నాయి. ఆ విందునుంచి ఇంటికి తిరిగిరాని చెంచు కోసం ఎదురుచూసిన ఇల్లాలి కథ రాయవలసే ఉంది. ఆమె మాట వినకుండా క్షమను గురించి మనం చేసే తీర్పు ఏదైనా ఏకపక్షమే.