మెట్లెక్కని బిడ్డ వెనకబడినట్టేనా?

మన ఇళ్లలో బిడ్డ బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు. అది ఎన్నో నెలలో జరిగిందన్న పట్టింపు తక్కువ. ఆ నెలల లెక్కను శాస్త్రంలోకి తెచ్చినవాళ్లలో ముందుగా చెప్పాల్సింది అమెరికాకు చెందిన ఆర్నాల్డ్ గెసెల్ పేరు. యేల్ విశ్వవిద్యాలయంలో 1911లో శిశు పరిశీలనా కేంద్రం పెట్టి, పసిపిల్లల కదలికలను సినిమా తీసి మరీ, ఏ వయసుకు ఏం చేస్తారో పట్టికలు రాశాడు. 1923లో మాస్కోలో ఒజెరెత్‌స్కీ కాస్త పెద్ద పిల్లలకు చలన పరీక్షలు కూర్చాడు. వికాసం లోపలి నుంచి దానంతటదే విచ్చుకుంటుందని గెసెల్ నమ్మకం. అదే నిజమైతే పల్లె, పట్నం తేడా అడగాల్సిన పనే లేదు. ఆయన చూసింది న్యూహేవెన్ చుట్టుపక్కల పిల్లల్ని. పట్టిక మాత్రం లోకంలోని పిల్లలందరిదీ అయి కూర్చుంది.

1967లో ఫ్రాంకెన్‌బర్గ్, డాడ్స్ తెచ్చిన డెన్వర్ పరీక్షదీ అదే దారి. ప్రమాణాలకు ఆధారం 1,036 మంది పిల్లలు, అందరూ డెన్వర్ వాళ్లే. పరీక్ష సంచిలో ఎర్ర ఊలు ఉండ, గిలక్కాయ, అంగుళం దిమ్మలు, చిన్న గాజు సీసా, కిస్‌మిస్ పళ్లు, గంట, టెన్నిస్ బంతి, పెన్సిలు ఉండేవి. కిస్‌మిస్‌ను బొటనవేలితో, చూపుడువేలితో పట్టి తీస్తాడా, దిమ్మ మీద దిమ్మ పేరుస్తాడా అని చూస్తారు. బాగానే ఉంది. కానీ పెద్ద కండరాల వరసలో మెట్లెక్కడం, మూడు చక్రాల సైకిల్ తొక్కడం కూడా చేర్చారు. మెట్టన్నదే లేని పూరింటి బిడ్డ, సైకిల్ ముఖం చూడని బిడ్డ ఇక్కడ తప్పుతారు. కాళ్లలో లోపం ఉండి కాదు. 1992లో సవరించినప్పుడు కొలరాడో అంతటా రెండు వేల మందికి పైగా పిల్లల్ని చూసి, తల్లి చదువునూ, ఉండేది పల్లెలోనా పట్నంలోనా అన్నదాన్నీ లెక్కలోకి తీసుకున్నారు. ఆ మాత్రం ఆలోచనకు పాతికేళ్లు పట్టింది.

ఈలోగా ఆఫ్రికా వేరే కథ చెప్పింది. ఉగాండాలో పసిపిల్లలు ఐరోపా పిల్లల కన్నా చలనంలో ముందున్నారని మార్సెల్ గెబెర్ 1957లో ప్రకటించింది. జాతి లక్షణమేమోనన్న ఊహాగానాలు బయల్దేరాయి. వాటికి సరైన జవాబు 1976లో చార్లెస్ సూపర్ ఇచ్చాడు. కెన్యాలోని కొక్వెట్ అనే రైతుల పల్లెలో కిప్సిగిస్ తల్లులు నేలలో చిన్న గుంట తీసి, గుడ్డలు పరిచి, నడుముకు ఆసరా ఉండేలా బిడ్డను అందులో కూర్చోబెట్టేవారు. పట్టుకుని నడిపించేవారు కూడా. ఆ పిల్లలు అమెరికా పిల్లల కన్నా సుమారు నెల ముందే కూర్చున్నారు, నడిచారు. ఎవరూ నేర్పని పాకడంలో మాత్రం ముందంజ లేదు. ఈ రంగంలో నాకు అన్నింటికన్నా నచ్చిన పరిశోధన ఇదే. పల్లె బిడ్డను పట్నం బిడ్డతో పోల్చి ఊరుకోకుండా, ఆ పల్లెలో రోజంతా బిడ్డతో ఏం చేయిస్తున్నారో చూసింది.

మన దేశంలో ప్రమీలా ఫాటక్ బరోడాలో, శిశు వికాసాన్ని కొలిచే బెయిలీ పరీక్షను మన పిల్లలకు అనువుగా మలిచి 1970లో ప్రమాణాలు ఇచ్చారు. అందులో 67 చలన అంశాలు, 163 మానసిక అంశాలు. అవీ పట్నం పిల్లల ప్రమాణాలే. 1991లో తిరువనంతపురం నుంచి రెండేళ్లలోపు వారికి 17 అంశాల చిన్న పట్టిక వచ్చింది. పల్లె పిల్లల్నే ఆధారంగా తీసుకున్న పరీక్షల సముదాయాన్ని హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1994లో ప్రచురించారు. మనవాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పని అది, చెప్పుకునేవాళ్లు తక్కువ. 2010లో మలావీ కూడా తన పల్లెలకు సరిపడే పరీక్షను తయారు చేసుకుంది.

ఆరోగ్యంగా ఉన్న పిల్లల్ని మాత్రమే తీసుకుంటే తేడాలు ఏమవుతాయి? భారత్, అర్జెంటీనా, దక్షిణాఫ్రికా, టర్కీలలో 4,949 మంది మూడున్నరేళ్లలోపు పిల్లలను పరిశీలించి 2018లో ప్రచురించిన అధ్యయనంలో వికాస దశలు చాలావరకు ఒక్కలాగే తేలాయి. అంటే పల్లె బిడ్డ నిజంగా వెనకబడినచోట ముందు చూడాల్సింది తిండి, రక్తహీనత, జబ్బులే; పల్లెటూరితనం కాదు.

బడి వయసుకు వచ్చేసరికి చిక్కు పెరుగుతుంది. ఒకచోట పల్లె పిల్లలది పైచేయి, మరోచోట పట్నం వాళ్లది. బంతిని నేలకేసి కొట్టడం, బ్యాటుతో బాదడం పరీక్షిస్తే ఆడే మైదానం, నేర్పే మాస్టారు ఉన్నవాళ్లకే మార్కులు. తొక్కుడుబిళ్లలో ఒంటికాలి గెంతు కొన్ని పరీక్షల్లో ఉంది; అచ్చనగాయల్లో రాయి ఎగరేసి కింది రాళ్లు ఊడ్చి పట్టే ఒడుపు మాత్రం నాకు తెలిసిన ఏ కొలమానంలోనూ లేదు. అలాంటివి చేర్చి చూస్తే వరసలు తారుమారవుతాయని నా అనుమానం.

తల్లిదండ్రులకు ఒక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2006లో ఇచ్చిన లెక్క ప్రకారం ఒంటరి నడక 8.2 నుంచి 17.6 నెలల మధ్య ఎప్పుడైనా రావచ్చు. ఆ అధ్యయనంలో నూటికి నలుగురు పిల్లలు అసలు దోగాడనే లేదు. కాబట్టి పక్కింటి పిల్లాడితో పోల్చి కంగారు పడొద్దు. 18 నెలలు నిండినా ఆసరా లేకుండా నడవని బిడ్డను మాత్రం, ఊరేదైనా, వెంటనే డాక్టరుకు చూపించండి.