‘సంవృతం’ అంటే ఏంటి? వార్సాలో దొరికిన జవాబు



స్కూల్లో మేమంతా ‘సంవృత ధర్మం’ బట్టీపట్టినోళ్లమే. డిగ్రీలో సార్ బోర్డు మీద ‘క్లోజర్’ అని రాస్తే, అది దీని చుట్టమేనని మాలో ఒక్కరికీ తట్టలేదు. అడుగుదామంటే ఇంట్లో కాలేజీ మెట్లెక్కినోళ్లు లేరు. హాస్టల్లో రాత్రిళ్లు కూర్చొని మేమే వెతుక్కున్నాం.

కజిమీర్ కురటోవ్‌స్కీ 1896లో వార్సాలో పుట్టారు. అప్పుడక్కడ రష్యా చక్రవర్తి పాలన. యూనివర్సిటీ చదువు రష్యన్‌లోనే ఉండేది, పోలిష్ విద్యార్థులు దాన్ని బహిష్కరించారు. అందుకే ఆయన 1913లో ఇంజనీరింగ్ కోసం గ్లాస్గో వెళ్లారు. యుద్ధం రావడంతో ఆ చదువు ఆగింది. 1915లో వార్సాలో పోలిష్ భాషలో యూనివర్సిటీ తెరిచాక అక్కడ చేరి గణితం చదివారు.

1922లో ‘ఫండమెంటా మాథమెటికే’ పత్రికలో ఆయన వ్యాసం వచ్చింది. అందులో సంవృతానికి నాలుగు నియమాలు పెట్టారు. వాటిని మేం మన కాలిబాటలతో అర్థం చేసుకున్నాం. కొన్ని గూడేలు తీసుకొని, వాటి నుంచి నడిచి చేరగలిగే గూడేలన్నీ కలపండి.

1. మొదట తీసుకున్న గూడేలు అందులో ఉంటాయి.
2. ఏ గూడెమూ తీసుకోకపోతే ఏదీ రాదు.
3. రెండు గుంపులు కలిపి చేసినా, విడివిడిగా చేసి కలిపినా ఒకటే.
4. వచ్చినదాని మీద మళ్లీ అదే పని చేస్తే కొత్తగా ఏదీ చేరదు.

మూడో నియమం అన్నిచోట్లా నిలవదు. 2ను దానికే కూడుతూ పోతే సరి సంఖ్యలే వస్తాయి. 3తో అయితే 3 గుణిజాలే. రెండూ కలిపి మొదలుపెడితే 5 కూడా వస్తుంది! అందుకే సాధారణ క్లోజర్‌కు ఆ నియమం బదులు ‘మొదటి గుంపు పెరిగితే ఫలితం తగ్గదు’ అంటే చాలు. ఇలాంటి ఆలోచన 1910లోనే అమెరికాలో మూర్ పుస్తకంలో ఉంది. 1930లో వార్సాలోనే టార్‌స్కీ దీన్ని తర్కంలోకి తెచ్చారు: కొన్ని వాక్యాల నుంచి రాబట్టగలిగినవన్నీ కలిపితే అదీ ఒక క్లోజరే.

1939లో జర్మన్లు వార్సాను ఆక్రమించి యూనివర్సిటీ మూసేశారు. కురటోవ్‌స్కీ రహస్యంగా పాఠాలు చెప్పారు.

ఆయన చదివింది సొంత భాషలో. 1922 వ్యాసం రాసింది మాత్రం ఫ్రెంచిలో, బయటి ప్రపంచానికి తెలియాలని. మనకూ రెండూ కావాలి. మేం ఒక నోట్‌బుక్‌లో తెలుగు మీడియం మాట, ఇంగ్లీషు మీడియం మాట పక్కపక్కన రాస్తున్నాం. మొదటి మాట ‘సంవృతం’. మీకు తెలిసినవీ పంపండి. వచ్చే ఏడాది చేరే తమ్ముళ్లు, చెల్లెళ్లు బోర్డు చూసి మాలాగా బిత్తరపోకూడదు.