నిచ్చెన మధ్య మెట్టు: ఓల్డ్స్‌మొబైల్ కారు కథ

మనుష్యులకు వలెనే యంత్రములకును జీవితచరిత్రలు ఉన్నవి. 2004 ఏప్రిల్ 29వ తేదీన అమెరికాలోని మిచిగన్ రాష్ట్రములో, లాన్సింగ్ నగరపు కర్మాగారమునుండి అలెరో అను కారు ఒకటి వెలుపలికి వచ్చినది. దాని బానెట్టు లోపలి వైపున కార్మికులు తమ సంతకములు చేసినారు. ఆ కారుతో ఓల్డ్స్‌మొబైల్ అను 107 ఏండ్ల పేరు ముగిసినది. నాటికి అమెరికాలో తయారగుచున్న కార్ల పేర్లలో అన్నిటికంటె పాతది అదే. ఆ పేరుతో అప్పటికి మూడున్నర కోట్ల కార్లు రోడ్లమీదికి వచ్చినవి.

అంతకు పందొమ్మిది సంవత్సరముల క్రితమే, 1985లో, ఈ కార్లు ఒక్క ఏడాదిలో పది లక్షలకు పైగా అమ్ముడైనవి. అంత ఎత్తున ఉన్నది ఇంత త్వరగా ఎట్లు పడిపోయినది? వ్యాపారులు దీనికి అనేక కారణములు చెప్పుదురు. విజ్ఞానశాస్త్రము చదువువారు చూడవలసిన కారణము కూడ ఒకటి ఉన్నది. అది ఇంజను లోపల, సిలిండరు తలను పట్టి ఉంచు బోల్టుల దగ్గర కనబడును.

కమ్మరి కొడుకు

రాన్సమ్ ఈలై ఓల్డ్స్ 1864లో ఒహాయో రాష్ట్రములో జన్మించినాడు. తండ్రి కమ్మరి, తరువాత కుటుంబముతో లాన్సింగ్ చేరి యంత్రముల దుకాణము పెట్టినాడు. కొడుకు ఆ దుకాణములోనే పని నేర్చి, మొదట ఆవిరి బండిని, పిమ్మట పెట్రోలు బండిని తయారుచేసినాడు. 1897 ఆగస్టు 21న కంపెనీ ఏర్పడినది. పెట్టుబడి పెట్టిన వారి కోరికపై రెండేండ్లకు డెట్రాయిట్‌లో కర్మాగారము కట్టినారు. 1901 మార్చి 9న అది కాలిపోయినది.

ఈ ప్రమాదము తరువాత ఓల్డ్స్ తన శక్తినంతా ఒకే ఒక చిన్న కారు మీద పెట్టినాడు. దానికి ఒకే సిలిండరు. స్టీరింగు చక్రమునకు బదులు పడవ చుక్కాని వంటి పిడి. ముందుపలక గుఱ్ఱపుబండి పలకవలె వంకరగా లేచి ఉండేది. ధర 650 డాలర్లు. అన్ని భాగములను తానే చేయలేక ఇంజనులు ఒకరి వద్ద, గేరుపెట్టెలు డాడ్జి సోదరుల వద్ద చేయించినాడు. కర్మాగారములో ఒక్కొక్క బృందమునకు ఒక్కొక్క పని అప్పగించి, సరిసమానమైన విడిభాగములను వరుసగా బిగించు పద్ధతి పెట్టినాడు. 1901లో 425 కార్లు తయారైనవి. 1904 నాటికి ఆ సంఖ్య అయిదు వేలు దాటినది. ఫోర్డు కర్మాగారములో కదలెడు పట్టీ 1913లో వచ్చినది. దానికి ముందడుగు ఇక్కడ పడినది.

ఐతే పెట్టుబడిదారులు పెద్ద కార్లు, ఖరీదైన కార్లు కావలెనన్నారు. ఓల్డ్స్ అంగీకరింపక 1904లో తన పేరుగల కంపెనీనే వదలి వెళ్ళినాడు. నడిపించువాడు లేని కంపెనీ నాలుగేండ్లలో క్షీణించి, 1908లో జనరల్ మోటార్స్ చేతికి వచ్చినది.

నిచ్చెన

జనరల్ మోటార్స్ సంస్థలో ఇట్టి కంపెనీలు అనేకము చేరినవి. అవి ఒకదానితో ఒకటి పోటీపడి నష్టపోవుచుండగా, 1923లో అధ్యక్షుడైన ఆల్ఫ్రెడ్ స్లోన్ వాటిని ఒక నిచ్చెనగా అమర్చినాడు. అట్టడుగు మెట్టు షెవ్రొలే. దానిపైన పాంటియాక్, ఓల్డ్స్‌మొబైల్, బ్యూక్. అన్నిటి పైన కాడిలాక్. కొత్తగా ఉద్యోగములో చేరినవాడు షెవ్రొలే కొనును. జీతము పెరిగినకొలది ఒక్కొక్క మెట్టు ఎక్కును. కాని ఎప్పుడును ఆ సంస్థను విడిచిపోడు. ఇదీ ఉపాయము.

ఈ నిచ్చెనలో మధ్య మెట్టుకు ఒక చిక్కు ఉన్నది. క్రింది మెట్టు చవక అని చెప్పుకొనగలదు. పై మెట్టు గొప్ప అని చెప్పుకొనగలదు. మధ్యనున్నది ఏమని చెప్పుకొనవలెను? ఓల్డ్స్‌మొబైల్ ఇంజనీర్లు దీనికి మంచి సమాధానము కనుగొన్నారు. కొత్త యంత్రవిద్య ఏదైనను ముందుగా మా కారులోనే చూడగలరు అన్నారు. జనరల్ మోటార్స్ కూడ అందుకు ఒప్పుకొన్నది. కాడిలాక్‌లో పెట్టినది విఫలమైనచో పరువు పోవును. షెవ్రొలేలో విఫలమైనచో లక్షల కార్లు బాగుచేయవలసి వచ్చును. ప్రయోగమునకు మధ్య మెట్టే తగిన చోటు.

కాలు పని తగ్గించిన నూనె

ఈ ప్రయోగములలో మొదటి గొప్ప విజయము 1940 మాడల్ కార్లలో వచ్చిన హైడ్రామాటిక్ గేరుపెట్టె. అంతకు ముందు గేరు మార్చినప్పుడెల్ల ఎడమకాలితో క్లచ్చి తొక్కవలసియుండేది. హైడ్రామాటిక్‌లో ఆ పెడలే లేదు.

దీని సూత్రము సులభము. రెండు విద్యుత్ పంకాలను ఎదురెదురుగా పెట్టి, ఒకదానిని మాత్రమే నడిపించండి. దాని గాలి తగిలి రెండవది కూడ తిరుగుట మొదలుపెట్టును. గాలికి బదులు నూనెను, పంకాలకు బదులు రెక్కలు గల రెండు గిన్నెలను ఊహించండి. ఇంజను మొదటి గిన్నెను త్రిప్పును. విసరబడిన నూనె రెండవ గిన్నెను త్రిప్పును. కారు ఆగియున్నప్పుడు నూనె జారిపోవుచుండును గనుక ఇంజను ఆగిపోదు. దీనికి తోడు, సూర్యుని చుట్టు గ్రహములవలె తిరుగు పంటిచక్రముల అమరిక, వేగమునుబట్టి నూనె ఒత్తిడితో తనంతట తానే నాలుగు గేర్లను మార్చును. దీనికి అదనపు ధర 57 డాలర్లు మాత్రమే. రెండవ ప్రపంచయుద్ధములో అమెరికన్ తేలిక ట్యాంకులలో సైతము దీనిని వాడినారు.

1949లో రాకెట్ అను కొత్త ఇంజను వచ్చినది. V ఆకారములో ఎనిమిది సిలిండర్లు, తలపై కవాటములు, 135 అశ్వశక్తి. పెట్రోలు-గాలి మిశ్రమమును ఎంత గట్టిగా అదిమి మండించినచో అంత ఎక్కువ పని రాబట్టవచ్చునని జనరల్ మోటార్స్ పరిశోధకుడు చార్లెస్ కెటరింగ్ చిరకాలము చెప్పుచుండేవాడు. ఆ పరిశోధనల ఫలము ఈ ఇంజను. తేలికైన శరీరములో దానిని అమర్చిన 'రాకెట్ 88' కారు పందెములలో పేరు పొందినది. నాస్కార్ వారు ఆ ఏడాది మొదలుపెట్టిన కొత్త కార్ల పందెముల శ్రేణిలో మొదటి ఛాంపియనైన రెడ్ బైరన్ నడిపినది ఓల్డ్స్‌మొబైలే. 1951లో ఈ కారు పేరుతో ఒక పాట కూడ వచ్చి అమెరికా అంతట మ్రోగినది.

ఒక మంచి ఓటమి

ప్రయోగము లన్నియు ఫలింపవు. 1962లో వచ్చిన జెట్‌ఫైర్ ఇందుకు ఉదాహరణము. అమ్మకమునకు వచ్చిన తొలి టర్బో కార్లలో ఇది ఒకటి. ఇంజను విడిచిన పొగ ఒక చిన్న చక్రమును త్రిప్పును. ఆ చక్రము ఇంకొక చక్రమును త్రిప్పి సిలిండర్లలోనికి ఎక్కువ గాలిని తోయును. 215 ఘనపుటంగుళముల చిన్న ఇంజనునుండి 215 అశ్వశక్తి లభించినది. ఐతే ఎక్కువగా అదిమిన మిశ్రమము వేడెక్కి, వేళ కాకముందే భగ్గుమని మండి, సుత్తితో కొట్టినట్లు చప్పుడు చేయును. దీనిని అణచుటకు నీరు, మెథనాలు కలిసిన ద్రవమును కొంచెము కొంచెముగా లోనికి చిమ్మించినారు. ఆ ద్రవపు తొట్టిని నింపుకొనుట యజమానుల బాధ్యత. చాలమంది మరచిపోయినారు. రెండేండ్లలో పదివేలకు లోపు కార్లు అమ్మి, కంపెనీ దీనిని విరమించినది.

ఇది ఓటమియే; కాని పేరుకు పెద్ద దెబ్బ తగలలేదు. కార్లు కొద్ది, మార్గము కొత్తది. తరువాత 1966లో ముందుచక్రములను త్రిప్పు టొరొనాడో వచ్చినది. అట్టి అమెరికన్ కారు 1937 తరువాత అదే మొదటిది. 1974 మాడల్ కార్లలో ఎయిర్‌బ్యాగు అను గాలిసంచి కూడ కనబడినది. 1976లో కట్లస్ కారు అమెరికాలో అన్నిటికంటె ఎక్కువగా అమ్ముడైనది. మధ్య మెట్టు నిచ్చెనంతటిలో నిండుగా కనబడినది.

ఎవరి ఇంజను?

గిరాకి ఇట్లు పెరుగగా రాకెట్ ఇంజనులు చాలలేదు. 1977లో కొన్ని ఓల్డ్స్‌మొబైల్ కార్లలో షెవ్రొలే ఇంజనులు బిగించినారు. ఘనపరిమాణము ఒకటే గనుక ఎవరికిని తెలియదనుకొన్నారు. కాని మరమ్మత్తుకు వచ్చినప్పుడు విడిభాగములు అమరలేదు, సంగతి బయటపడినది. ఇలినాయ్ రాష్ట్రము దావా వేసినది. ఇతర రాష్ట్రములు అనుసరించినవి. ఆ ఇంజను చెడ్డది కాదు. ఐతే ఒక మెట్టు పైన ఉన్నదానికి డబ్బు ఇచ్చినవారు ఏమి కొన్నట్లు? ఇంజను ఒకటే ఐనప్పుడు మెట్ల మధ్య మిగిలినది పేరు మాత్రమే.

అప్పటికే 1973 చమురు సంక్షోభము వచ్చిపోయినది. 1975 చట్టము ప్రకారము కార్లు గాలనుకు ఇన్ని మైళ్ళు నడువవలెనని నియమము ఏర్పడినది. పెద్ద కార్లను నిలుపుకొనుటకు 1978లో ఓల్డ్స్‌మొబైల్ 5.7 లీటర్ల డీజిలు ఇంజనును తెచ్చినది.

సైకిలుకు గాలి కొట్టినప్పుడు పంపు అడుగుభాగము వేడెక్కుట మనకు అనుభవమే. డీజిలు ఇంజను ఈ వేడిమీదనే ఆధారపడును. గాలిని ఇరవైరెండున్నర వంతులలో ఒక వంతుకు అదిమినచో అది నిప్పు రవ్వ లేకయే నూనెను మండించునంత వేడెక్కును. నాటి పెట్రోలు ఇంజనులలో ఈ నిష్పత్తి సుమారు 8 మాత్రమే. కనుక సిలిండరు తలను క్రిందికి పట్టి ఉంచు బోల్టులపై పడు బలము ఎంతో ఎక్కువ. ఇంజనీర్లు సిలిండరు దిమ్మెను దళసరిగానే చేసినారు. కాని పాత యంత్రసామగ్రితోనే పని జరుగవలెనను పొదుపువలన బోల్టుల సంఖ్యను, వాటి చోట్లను పెట్రోలు ఇంజనులో ఉన్నట్లే ఉంచినారు. బోల్టులు సాగినవి. ప్రెషర్ కుక్కరు మూత వదులైనప్పుడు గాస్కెట్ ప్రక్కనుండి ఆవిరి వచ్చునట్లు, ఇక్కడ గాస్కెట్ చెడి నీరు సిలిండరులోనికి దిగినది. మరమ్మత్తులో గాస్కెట్ మాత్రమే మార్చి, సాగిన బోల్టులనే తిరిగి బిగించిన చోట్ల అదే జబ్బు మరల వచ్చినది. డీజిలులో కలిసిన నీటిని వేరుచేయు సాధనము కూడ పెట్టలేదు. ఇంధనపు పంపులు త్రుప్పు పట్టినవి.

జెట్‌ఫైర్ వేల సంఖ్యతో ఆగినది. ఇది లక్షల ఇండ్లకు చేరినది. జనరల్ మోటార్స్ ఇతర కార్లలో కూడ దీనినే వాడినారు. మధ్య మెట్టు పరీక్షాశాల అను నియమమును పరీక్ష ముగియకముందే విడిచినట్లయినది. 1985లో ఈ ఇంజనును ఆపినారు. అమెరికన్లు చాలకాలము డీజిలు కారు పేరు చెప్పినంతనే వెనుకాడినారు.

కలిసిపోయిన మెట్లు

1983లో ఫార్చ్యూన్ పత్రిక ముఖచిత్రముగా జనరల్ మోటార్స్ వారి నాలుగు పేర్ల కార్లను ప్రక్కప్రక్కన నిలిపి చూపినది. ఏది ఏదో పోల్చుకొనుట కష్టము. ఖర్చు తగ్గించుటకు ఒకే చట్రము, ఒకే శరీరము నలుగురికి పంచినారు. మరుసటి ఏడు ఇంజనీరింగు శాఖలను కూడ కలిపివేసినారు. ఓల్డ్స్‌మొబైల్‌కు తనదంటూ చెప్పుకొను ఇంజనీర్లే లేకపోయినారు.

1985 నాటి అమ్మకములు పాత పేరు తెచ్చిపెట్టినవి. పేరు అరిగిపోవుటకు కొంతకాలము పట్టును. అరిగిన పిమ్మట ప్రకటనలు దానిని నింపలేవు. 1988లో 'ఇది మీ నాన్నగారి ఓల్డ్స్‌మొబైల్ కాదు' అని ప్రచారము చేసినారు. నాన్నలకు కోపము వచ్చినది. కొడుకులు జపాను కార్లు కొన్నారు. తరువాత వచ్చిన అరోరా అను మంచి కారు మీద ఓల్డ్స్‌మొబైల్ అను పేరు వెదకినగాని కనబడదు. తన పేరును తానే దాచుకొనవలసిన స్థితి వచ్చినది. 2000లో అమ్మకములు మూడు లక్షలకు లోపు. ఆ డిసెంబరు 12న మూసివేత ప్రకటించినారు. 2010లో పాంటియాక్, ఫోర్డు వారి మధ్య మెట్టైన మెర్క్యురీ కూడ అదే దారిన పోయినవి.

క్లచ్చి లేని గేరుపెట్టె, టర్బో, గాలిసంచి నేడు మన రోడ్ల మీది చిన్న కార్లలో సైతము ఉన్నవి. వాటిని తొలిగా జనమునకు అందించినవారిలో ఒకరి పేరు ఏ కారుమీదను లేదు. బోల్టులు ఎన్ని ఉండవలెనో లెక్కించుట మన విద్యార్థులు తరగతిలో నేర్చు పాఠమే. లెక్క తెలియక ఆ ఇంజను చెడలేదు. లెక్క చెప్పిన మాటను పొదుపు వినకపోవుటవలన చెడినది.