రాందోసెరు: సిపాయి మూట, బడి సంచి

జపాన్‌లో ఒకటో తరగతి పిల్ల వీపున, ఆ పిల్లకన్నా వెడల్పుగా కనిపించే పెట్టెలాంటి సంచి పేరు రాందోసెరు. మాట జపనీయులది కాదు. సైనికుల వీపుసంచిని డచ్చివాళ్లు 'రాన్సెల్' అంటారు. జపాన్ చరిత్రలో ఎదో అనే యుగం చివర్లో పాశ్చాత్య తరహా సైన్యంతోపాటు సంచీ, పేరూ దిగాయి. జపనీస్‌లో 'ల' లేదు కనుక 'ర' అయింది; చివర అలాంటి హల్లు నిలవదు కనుక 'ఉ' చేరింది. బస్‌ని బస్సు చేసుకున్న మనకిది వింతేం కాదు.

ఆ సంచి బడికి చేరింది తోక్యోలోని గకుషూయిన్‌లో; అది అప్పట్లో పెద్దింటి బిడ్డల బడి. బండ్లలో, రిక్షాల్లో రావొద్దని, ఎవరి సామాను వారే మోసుకు రావాలని 1885లో నియమం పెట్టింది. సేవకులు ఊపిరి పీల్చుకునే ఉంటారు! 1887లో యువరాజు, అంటే తర్వాతి తైషో చక్రవర్తి, అక్కడ చేరినప్పుడు అప్పటి ప్రధాని ఇతో హిరోబుమి తోలుతో చేసిన పెట్టె ఆకారపు సంచి కానుకిచ్చాడని చెబుతారు. ఆ ఆకారమే స్థిరపడింది.

ప్రాథమిక బడి ఆరేళ్లూ సాధారణంగా అదే సంచి. ఆడపిల్లలకు ఎరుపు, మగపిల్లలకు నలుపు అన్న పాత కట్టు సడలింది. రంగులు పెరిగేసరికి 'రాన్‌కత్సు' అనే కొత్త మాట పుట్టింది: నచ్చిన రాందోసెరు కోసం నెలల ముందునుంచే ఇంటిల్లిపాదీ చేసే వేట. ఉద్యోగవేటను 'షూకత్సు' అంటారు, ఆ అచ్చులో పోసిందే ఇదీ. బిల్లు మాత్రం తరచూ తాతయ్యలు, నానమ్మలదే.