రెండు చుక్కల వెనుక చదువు

పోలియోకు నోటి చుక్కల మందును ఆల్బర్ట్ సాబిన్ గారు 1950లలో తయారు చేశారు. సూది అక్కరలేదు గనుక డాక్టరు కానివారు కూడా వేయవచ్చును. మన దేశంలో 1995లో పల్స్ పోలియో మొదలయ్యాక అంగన్‌వాడీ టీచర్లు, వాలంటీర్లు ఎందరో ఈ పని నేర్చుకున్నారు.

ఇందులో నేర్చుకునేది ఏముందంటారా? సీసా ఐసు పెట్టెలో ఉండాలి. దాని మీది గుండ్రటి గుర్తులోని తెల్లని చదరం చుట్టూ ఉన్న రంగంత ముదిరితే మందు పారవేయాలి. డ్రాపరు బిడ్డ నోటికి తగలరాదు. ఉమ్మేస్తే మళ్లీ వేయాలి. పిమ్మట ఎడమ చిటికెన వేలికి సిరా గుర్తు పెట్టాలి.

ఇలా ఊరూరా చేసిన శ్రమ ఫలించింది. ఆఖరి కేసు 2011 జనవరిలో హౌరా జిల్లాలో వచ్చింది. 2014 మార్చి 27న భారతదేశం పోలియో రహితమని ధ్రువపరిచారు.

అయినా 2021 జనవరి 31న మహారాష్ట్రలోని యవత్‌మాల్ జిల్లాలో 12 మంది పిల్లలకు పోలియో చుక్కలకు బదులు శానిటైజరు వేశారు! అదృష్టవశాత్తు పిల్లలు కోలుకున్నారు. సీసా మీది పేరు చదవడమే మొదటి పాఠమని ఆ సంఘటన చెబుతున్నది. తల్లులారా, చుక్కలు వేయించేటప్పుడు సీసా ఒకసారి చూపమని అడగండి. అడిగితే ఎవరూ తప్పు పట్టరు.